మూలిగే ఇంజను, ముచ్చటైన సంసారం

మీ పాత కారు ఆగి ఉన్నప్పుడు మూలుగుతోందా? అదృష్టవంతులు! దయచేసి బాగు చేయించకండి.

నవ్వకండి. నాకు మతి చలించలేదు. మనిషికి కావలసిన సుఖాలన్నీ, అంటే మర్యాద, స్నేహం, ఇంట్లో క్రమశిక్షణ, వేళకు వేడి టీ, అన్నీ ఒక్క ఇంజను మూలుగులో ఇమిడి ఉన్నాయని అనుభవం మీద తెలుసుకున్నవాణ్ణి. వింటున్నారా? సగంలో పేజీ తిప్పేసి, తర్వాత లబోదిబోమంటే నా పూచీ లేదు.

ముందు మా కారు సంగతి చెప్పాలి. మా అమ్మాయి పుట్టినప్పుడు ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చింది ఆ కారే. ఇప్పుడు అమ్మాయి కాలేజీకి వెళుతోంది. కారు మాత్రం ఎక్కడికి వెళ్ళమన్నా ఒకసారి ఆలోచించుకుంటుంది.

పరుగెత్తినంతసేపూ పెదవి విప్పదు. ఎక్కడైనా ఆగిందా, అయిపోయింది! బానెట్ కింద నుంచి సన్నగా, సాగదీస్తూ "ఊఁయ్ఁయ్ఁ" అని మొదలుపెడుతుంది. కొళాయి సగం తిప్పి వదిలేస్తే గోడలో గొట్టం ఏడుస్తుందే, అలాగ. సిగ్నలు పడినా, గేటు ముందు ఆగినా, ఇదే రాగం.

ఇది ఎప్పుడు మొదలైందో నాకు బాగా గుర్తు. అంతకు కొద్దిరోజుల ముందు పొద్దున్నే స్టార్ట్ చేస్తే బెల్టు కీచుమనేది. మెకానిక్కులను నమ్మే అలవాటు నాకు లేదు. నేనే స్పానరు పట్టుకుని, ఆల్టర్నేటరును వెనక్కి లాగి, బెల్టును బిర్రుగా బిగించి పారేశాను. ఆల్టర్నేటరంటే మరేం లేదు, ఇంజనుతోపాటు తిరుగుతూ బ్యాటరీని నింపే యంత్రం. రెంటినీ కలిపేది ఆ బెల్టే. దెబ్బకు కీచు పోయింది. ఆ తర్వాత వచ్చిన ఈ మూలుగు పూర్తిగా వేరే జబ్బు. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. బిగించిన చెయ్యి నాది కనుక ఆ అనుమానం ఎవరికీ అక్కర్లేదు.

బిగించడంలో నా పేరు చిన్నది కాదు మరి! నేను కట్టేసిన కొళాయిని మా ఇంట్లో ఇంకొకరు విప్పలేరు. నేను మూత పెట్టిన కాఫీ పొడి సీసాను మా ఆవిడ తడిగుడ్డ చుట్టి తిప్పాలి, తలుపు సందులో పెట్టి తిప్పాలి, చివరికి ఎదురింటివాళ్ళను పిలవాలి. "మూత అనేది ఎందుకుంది? బిగించడానికి!" అని నేను వాళ్ళకు విసుగు లేకుండా చెబుతూనే ఉంటాను. వదులుగా వదిలేసింది ఏదీ నిలవదు. మూతైనా అంతే, మనిషైనా అంతే.

ఇక మూలుగు మహిమకు వద్దాం.

మొదటి లాభం, హారను ఖర్చు లేదు. మేము ఆగితే చాలు, చుట్టూ ఉన్న జనం తమంతట తామే నాలుగడుగులు వెనక్కి జరుగుతారు. అంబులెన్సుకు కూడా ఇవ్వని దారి మాకు ఇస్తారు. రెండోది, కారు అరువిచ్చే బాధ లేదు. ఒకప్పుడు మా చుట్టాల్లో ఎవరింట్లో పెళ్ళిచూపులైనా, ఎవరు స్టేషనుకు వెళ్ళాలన్నా, మా కారే వెళ్ళేది. ఇప్పుడు? "అబ్బే, ఆటోలో పోతాంలెండి, మీకెందుకు శ్రమ" అంటున్నారు. ఎంత సంస్కారం!

స్నేహాల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇన్నేళ్ళుగా ఎదురింట్లో ఉంటున్న పళ్ళ డాక్టరుగారు నన్ను చూసి తల ఊపడం తప్ప మాట్లాడింది లేదు. మూలుగు మొదలైన వారంలోనే ఆయన లుంగీ ఎగగట్టుకుని, చేతిలో చిన్న ఇనుప పుల్ల పట్టుకుని మా బానెట్ ముందు నిలబడ్డారు.

"నొప్పి ఎక్కడుందో పేషెంటుకు తెలీదండీ. పక్క పన్ను చూపిస్తాడు. మనమే ఒక్కోటీ తట్టి చూసుకోవాలి" అన్నారు.

తట్టారు. రేడియేటరును తట్టారు, బ్యాటరీని తట్టారు, పొరపాటున నా వేలిని కూడా తట్టారు. చివరికి ఒక గొట్టం మూతను చూపించి, "దీన్ని పీకేస్తే సరిపోతుందనిపిస్తోంది" అన్నారు. ఆయన వృత్తిధర్మం ఆయనది.

మా బావమరిదికి నీళ్ళ మోటార్ల షాపు ఉంది. అతను కారు దగ్గరకు రాకుండానే, వరండాలో కుర్చీలోంచే తేల్చేశాడు. "బావగారూ, రాసిస్తాను, ఇది పంపే. నీళ్ళందని పంపు అచ్చం ఇలాగే ఏడుస్తుంది. కారులో పంపు ఎక్కడుందో మాత్రం నన్నడక్కండి."

మేడ మీద అద్దెకుండే వయొలిన్ మాస్టారు మాత్రం జబ్బు జోలికి పోలేదు. మేము గేటు ముందు ఆగినప్పుడల్లా కిటికీ తెరిచి, ఆ మూలుగుకు తన తీగలు సరిచూసుకునేవారు. "కొంచెం శ్రుతి తగ్గిందండీ ఇవాళ, ఏసీ వేశారా?" అని అడిగేవారు. నిజంగానే వేసి ఉండేవాణ్ణి!

ఆఫీసులో మా పక్క సీటాయన సలహా అన్నిటికంటే గొప్పది. "రేడియో సౌండు పెంచండి సార్, మూలుగు పోతుంది" అన్నాడు. ప్రజల ఫిర్యాదులు పరిష్కరించే సెక్షను ఆయనది.

ఒక్కటి గమనించారా? అందరూ చెప్పారు. బానెట్ మీదకు చెవి వంచి రెండు నిమిషాలు విన్నవాడు మాత్రం ఒక్కడూ లేడు. వినడం వేరు, తెలిసింది చెప్పడం వేరు అని మనవాళ్ళకు ఎప్పుడు తెలుస్తుందో! నాకు ఇలాంటివాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది. ఎదుటివాడి నోట్లో మాట ఉండగానే... సరే, నేను చెప్పేది పూర్తిగా వినండి.

అసలు లాభానికి ఇప్పుడొచ్చాను. గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి, సాయంత్రం మీరు ఇంటికి వెళితే మీకు ఏపాటి మర్యాద జరుగుతోంది?

మా వీధి మొదట్లో మలుపు చాలా ఇరుకు. ఎదుటి బండి దాటేదాకా అక్కడ ఆగి తీరాలి. ఆగామా, మూలుగు మొదలు! ఆ మూలుగు వీధి పొడుగునా పాకి మా ఇంటి వంటగది కిటికీ దాకా వెళుతుంది. నేను గేటు తీసి లోపలికి వచ్చేసరికి ఇల్లు ఎలా ఉంటుందనుకున్నారు? మా అమ్మాయి బల్ల ముందు పుస్తకం తెరుచుకుని ఉంటుంది. టీవీ ఆపేసి ఉంటుంది. మనుషుల్లేని గదిలో ఫ్యాను తిరగదు. మా అమ్మ కళ్ళు మూసుకుని పడక కుర్చీలో బుద్ధిగా కూర్చుని ఉంటుంది. మా ఆవిడ టీ కప్పుతో ఎదురవుతుంది. పిల్లి కూడా సోఫా దిగి ఉంటుంది! చీమ చిటుక్కుమంటే ఒట్టు. ఏ పెద్ద ఆఫీసరుకు దక్కుతుందండీ ఈ గౌరవం? ఇన్నేళ్ళు నేను చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టించుకున్నా రాని క్రమశిక్షణ, ఒక్క మూలుగుతో వచ్చింది. నా గౌరవమంతా దాని మీదే నిలబడి ఉందన్నా అబద్ధం కాదు.

అయితే అప్పట్లో నాకు అంత జ్ఞానం లేదు. నేనూ అందరిలాగే దాన్ని జబ్బనుకున్నాను, బాగు చేయించాలని బయల్దేరాను.

వింతేమిటంటే, ఇంట్లో వాళ్ళు అడ్డుపడ్డారు! "ఎందుకు నాన్నా, బాగానే ఉంది కదా. ఉంచేద్దాం" అంది మా అమ్మాయి. "దాని మానాన దాన్ని మూలగనీరా, నీకెందుకు?" అంది మా అమ్మ. పాత వస్తువంటే వీళ్ళకు ఎంత మమకారం అని నా కళ్ళు చెమర్చాయి. మా ఆవిడ మాత్రం ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టే నేను లెక్క వేసుకుంటాను.

గ్యారేజీకి తీసుకెళ్ళాను. అక్కడ ఒక మూల గ్రైండరు, ఒక మూల కంప్రెసరు, మధ్యలో ఎవరో డోరుకు సొట్టలు తీస్తూ సుత్తి దెబ్బలు. అందులో మా కారు ఎంత మొత్తుకుంటే మాత్రం ఏం లాభం? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే!

"ఏ శబ్దం సార్?" అన్నాడు మెకానిక్కు.

"వినండి... ఊఁయ్ఁయ్ఁ" అని నేనే మూలిగి చూపించాను.

అతను నన్నూ కారునూ మార్చి మార్చి చూశాడు. "పాత బండి సార్, ఆమాత్రం ఉంటుంది. మా నాన్న కూడా కూర్చున్న చోట మూలుగుతాడు. మార్చేస్తామా?" అన్నాడు. అలా అన్నా, ఊరికే పంపడం బాగుండదని స్టీరింగు ఆయిలు మార్చాడు. స్టీరింగు చక్కగా తిరుగుతోంది. మూలుగు చెక్కు చెదరలేదు.

ఆదివారం పొద్దున్న కారు కడుగుతున్నాను. ఇంజను ఆన్‌లో ఉంది, దాని ఏడుపు అది ఏడుస్తోంది. మా ఆవిడ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మొక్కలకు నీళ్ళు పట్టే పాత పైపు ముక్క ఒకటి తీసుకుంది. ఒక కొస చెవికి పెట్టుకుంది. రెండో కొసను చేత్తో పట్టుకుని, తిరిగే వాటికి తగలకుండా, బానెట్ లోపల ఒక్కో భాగం దగ్గరా ఆపుతూ వినసాగింది.

"నువ్వేం చూస్తావే అందులో? అసలు ఇంజను అనేది..." అని నేను వివరించబోయాను.

"ఒక్క నిమిషం. వింటున్నా" అంది. నన్ను కాదు, ఇంజనునని తర్వాత అర్థమైంది.

ఆల్టర్నేటరు దగ్గర పైపు ఆగిపోయింది. "ఇదే. ఆపండి ఇంజను" అంది. ఆపాను. ఆవిడ బెల్టును బొటనవేలితో నొక్కింది. అది కర్రలా కదలకుండా ఉంది.

"ఇది మీరు బిగించిందే కదూ?"

"నీకెలా తెలుసు?"

"ఇన్నేళ్ళు ఆ కాఫీ సీసాతో కాపురం చేస్తున్నాను, ఆమాత్రం తెలీదా? నొక్కితే కాస్తయినా లోపలికి వెళ్ళాలి కదండీ బెల్టు. ఇలా లాగిపెట్టి కడితే ఏదైనా మూలగదూ?"

స్పానరు తెచ్చి విప్పబోయాను. విప్పబోయాను అనడమే గానీ, అది వస్తేనా! నేను బిగించింది నాకే లొంగలేదు. ఆ క్షణంలో కూడా నా పనితనానికి నాకు గర్వంగానే ఉంది సుమా! ఆవిడ నా చేతిలోంచి స్పానరు తీసుకుని, దాని పిడికి ఒక ఇనుప గొట్టం తొడిగి, బరువంతా వేసి నొక్కింది. బోల్టు ఠక్కుమని కదిలింది. బెల్టు కాస్త వదులు చేసి మళ్ళీ బిగించింది, కానీ ఆవిడ బిగింపు.

"స్టార్ట్ చేయండి."

చేశాను. నిశ్శబ్దం! కీచు లేదు, మూలుగు లేదు. పైన వయొలిన్ మాస్టారు కిటికీ తీసి, "ఏమైందండీ?" అని కంగారుగా అడిగారు. మా అమ్మాయి, మా అమ్మ గుమ్మంలోకి వచ్చి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఎన్నాళ్ళని మూలుగుతుంది పాపం" అంటూ మా ఆవిడ స్పానరు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మరుసటి రోజు సాయంత్రం. మలుపు దగ్గర ఆగాను. కారు బెల్లం కొట్టిన రాయిలా ఉంది. గేటు ముందు ఆపాను, ఎవరికీ తెలియలేదు. మెట్ల దగ్గరకు వచ్చేసరికి లోపలి నుంచి నవ్వులు. పక్కింటి నుంచేమో అనుకున్నాను. కాదు, మా ఇంట్లోంచే!

తలుపు ఓరగా తీసి ఉంది. హాలు మధ్యలో మా అమ్మాయి. నా పాత కళ్ళజోడు ముక్కు చివరకు దించుకుని, ఎడం చెయ్యి నడుముకు పెట్టి, కుడి చేత్తో కాఫీ పొడి సీసా పైకెత్తి ఉపన్యాసం ఇస్తోంది.

"వింటున్నారా? మూత అనేది ఎందుకుంది? బిగించడానికి! ఆ గదిలో ఫ్యాను ఎవరి కోసం తిరుగుతోంది? గోడకు చెమట పడుతోందా? నేను చెప్పేది పూర్తిగా వినండి!"

పడక కుర్చీలో మా అమ్మ పొట్ట పట్టుకుని, "అచ్చం వాడే! అచ్చం వాడేనే!" అంటోంది. నన్ను కన్నతల్లి! మా ఆవిడ నేల మీద కూలబడి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, ఊపిరాడక నవ్వుతోంది. ఆవిడకు అలా నవ్వడం వచ్చని నాకు తెలియదు. ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి. టీవీ దాని పాటికది మోగుతోంది. పిల్లి సోఫా మీద వెల్లకిలా పడుకుని ఉంది. ఇల్లు ఎంత బాగుందో!

నాకు లోపల ఎక్కడో చివుక్కుమంది. అమ్మాయి నన్ను అలా అనుకరించినందుకు కాదు. నిజం చెప్పాలంటే చాలా బాగా చేసింది. నాకే నవ్వొచ్చింది. నవ్వుతూ ఒక అడుగు లోపలికి వేశాను.

అంతే. కరెంటు పోయినట్టు ఆగిపోయింది.

"నాన్నా! ఎప్పుడొచ్చారు? వినబడనే లేదే!" అంటూ అమ్మాయి కళ్ళజోడు లాగేసింది. మా అమ్మ కళ్ళు మూసేసుకుంది. ఎవరో టీవీ కట్టేశారు. పిల్లి సోఫా దిగింది. మా ఆవిడ ఒక్కర్తే ఆపుకోలేక, నన్ను చూస్తూనే ఇంకా నవ్వుతోంది.

అప్పుడు నాకు జ్ఞానోదయమైంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. మూలుగు బాగు చేయించకండి! ట్రాఫిక్కు సిగ్నలుకు పసుపు దీపం ఎందుకు పెట్టారు? ఎర్రది హఠాత్తుగా నెత్తిన పడకూడదనే కదా! సంసారానికి కూడా ఒక పసుపు దీపం ఉండాలి. ఇంట్లోవాళ్ళు తమ సంతోషాన్ని సర్దుకుని, పుస్తకాలు తెరుచుకుని, కళ్ళు మూసుకోవడానికి కాస్త వ్యవధి ఇవ్వడం ఇంటి పెద్ద కనీస బాధ్యత. చెప్పాపెట్టకుండా ఇంటికి వచ్చేవాడు మనిషేనా?

కాబట్టి బెల్టును మళ్ళీ పాతలాగే బిగించేద్దామని బయల్దేరాను. స్పానరు కనబడలేదు. మా ఆవిడను అడిగితే, "ఉంటుందిలెండి, ఎక్కడికి పోతుంది" అంది. పెట్టెలో వెతికాను, అటక మీద వెతికాను. కాఫీ పొడి సీసా మాత్రం ఎదురుగా ఉంది. మూత వదులుగా, ఊరికే పెట్టి ఉంది. దాన్ని బిగించబోయి, ఎందుకో వదిలేశాను.

ఇప్పుడు నేను వేరే ఏర్పాటు చేసుకున్నాను. గేటు ముందు ఇంజను ఆపకుండా కార్లో కూర్చుంటాను. అద్దాలు దించుతాను. కారు మూలగదు గనుక లోపలి మాటలన్నీ చక్కగా వినిపిస్తాయి. నవ్వు ఒక కొలిక్కి వచ్చాక, దిగి మెట్ల దగ్గర గట్టిగా దగ్గి లోపలికి వెళతాను. టీ తయారు, పుస్తకం తయారు, మర్యాదకు ఏ లోటూ లేదు.

నిన్న మాత్రం ఒక విశేషం జరిగింది. నేనింకా కార్లోనే ఉన్నాను. లోపల మా అమ్మాయి నా దగ్గు దగ్గింది. అచ్చం నాదే! ఇల్లంతా గొల్లున నవ్వింది. ఆ వెనకే వంటగది కిటికీలోంచి మా ఆవిడ గొంతు వినిపించింది.

"ఎంతసేపు కూర్చుంటారు బయట? రండి, టీ చల్లారిపోతోంది."

కారు తలుపు మీద చెయ్యి వేశాను. తియ్యలేదు. లోపల ఇంకా నవ్వుతున్నారు. నేను వెళితే ఆగిపోతుందేమోనని భయం వేసింది.

పాఠకులారా, కార్ల గురించి మీలో చాలామందికి నాకంటే బాగా తెలిసే ఉంటుంది. నేను గుమ్మంలో అడుగు పెట్టాక కూడా ఆ నవ్వు ఆగకుండా సాగాలంటే, ఏ బోల్టు, ఎంత వదులు చెయ్యాలి? తెలిసినవాళ్ళు చెప్పండి. ఈసారి మధ్యలో మాట్లాడను. వింటాను.